చిలక తోక

సత్యవాణి చిలకని సగంలో వదిలేసి పోయింది. తప్పు ఆమెదే.

మ్యాటీ గుడ్డ మీద కుడుతున్న చిలక అది. రెక్కలయ్యాయి, తోక మిగిలింది. మర్నాడు ఆమె సంవత్సరీకం. ఈలోగా తోక పూర్తిచేసి ఫొటో పక్కన తగిలించాలని భర్త నరసింగరావు పొద్దున్నే కూర్చున్నాడు.

చిక్కల్లా దారంతోనే. మొక్క నుంచి వచ్చిన దారం తప్ప సత్యవాణి ముట్టేది కాదు. పత్తి, నార, అరటి పీచు. పురుగుని చంపిన పట్టు పాపం, గొర్రెని గొరిగిన ఊలు పాపం. కాలనీ అంతా ఆమెని పుణ్యాత్మురాలు అనేది.

ఖుర్సీపార్‌ బజార్లో ఆకుపచ్చ దారం కొన్నాడు. "ప్యూర్ కాటన్, అంకుల్" అన్నాడు దుకాణదారు. నరసింగరావు ఒకరి మాట నమ్మే మనిషి కాడు. నూలు కాలిస్తే కాగితం వాసన, ఊలు కాలిస్తే వెంట్రుకల వాసన అని ఊరి బళ్ళో మేష్టారు చెప్పారు. ఇంటికొచ్చి ఒక పోగుకి అగ్గిపుల్ల గీశాడు. కాగితం వాసనే. దుకాణదారు బతికిపోయాడు.

సరిచూసుకుందామని సత్యవాణి దారాల డబ్బాలోంచి ఒక పోగు తీసి కాల్చాడు. గుప్పున వెంట్రుకల వాసన!

ఎరుపు కాల్చాడు. వెంట్రుకలే. పసుపూ అంతే. ఒక్క పోగైనా నూలు కాకపోతుందా అని మిగిలినవన్నీ మూకుట్లో వేసి అంటించాడు. పొగ కిటికీ దాటింది.

పక్క క్వార్టర్ అచ్చమ్మ ముక్కు ఎగబీల్చింది. "ఓలమ్మో! పెళ్ళాం మీద బెంగతో తమ్ముడు ఒళ్ళు కాల్చీసుకుంతన్నాడు! ఒరే రమాకాంతూ, జల్దీ రారా!"

మేడమీది రమాకాంత్ "హటో, హటో!" అంటూ అడ్డొచ్చినవాళ్ళని తోసుకుని వచ్చి గడియ ఊడగొట్టాడు. బకెట్ నీళ్ళు నరసింగరావు నెత్తిన పడ్డాయి. గుమ్మంలో సగం వీధి నిలబడింది.

"ఏటి కాల్చినావు, తమ్ముడూ?"

నిజం చెబితే పోయిన మనిషి పరువు పోతుంది. "నా జుట్టు" అన్నాడు.

నీళ్ళోడుతున్న అతని బట్టతలని అందరూ చూశారు.

"ఏ జుట్టు, అంకుల్?" అన్నాడు రమాకాంత్.

అచ్చమ్మ మూకుట్లోకి తొంగిచూసింది. "ఓస్, వాణి ఊలేనేటి! నూలుతో చిలక రెక్కలు బొద్దుగా రావని నాచేతే తెప్పించుకునీది. ఆడోళ్ళందరికీ తెలుసు. నీకే తెల్దు."

"మరి పాపమన్నాది?" అన్నాడు నరసింగరావు.

"ఊలు కనబడితే స్వెట్టరు అల్లమంటావని."

మర్నాడు చిలక గోడకెక్కింది. రెక్కలు ఊలు, తోక నూలు. తద్దినానికి వచ్చినవాళ్ళు తేడా ఏమిటని అడిగారు. "రెక్కలు వాణివి, తోక నాది" అన్నాడు నరసింగరావు.