అంతరాత్మల తనిఖీ

ఖరగ్‌పూర్‌లోని తెలుగు కుటుంబాలకు తెలియజేయడమేమనగా, నిమ్‌పురా వైపు కొన్నాళ్లుగా అంతరాత్మలకు కూడా తనిఖీ జరుగుతోంది. తనిఖీ అధికారి జ్ఞానప్రకాశం గారు. రైళ్లలో టికెట్లు చూసి చూసి రిటైరైన మనిషి.

రిటైరయ్యాక నల్లకోటు పోయింది గానీ అనుమానం మిగిలింది. ఎదురొచ్చిన ప్రతివాడూ ఆయనకు టికెట్ లేని ప్రయాణికుడిలాగే కనిపించేవాడు. అడగడానికి హక్కులేక ఆయన అల్లాడుతున్న రోజుల్లో, విశాఖలో ఉన్న తమ్ముడి కూతురు ఏంజెలా ఒక డబ్బా పంపింది. అందులో అట్టలు. ఒక్కో అట్టకు ముందువైపు కొండో, వానో, ఎండుకొమ్మో ఫొటో. వెనకవైపు ఒక ప్రశ్న. రోజుకొక ఫొటోను నిశ్శబ్దంగా చూసి, ఆ ప్రశ్న తనకు తానే వేసుకోవాలట.

జ్ఞానప్రకాశం గారు రెండు రోజులు నిజాయితీగా ప్రయత్నించారు. ప్రశ్నలు బ్రహ్మాండంగా ఉన్నాయి. వేసుకోవడానికి తనలో లోపం ఒక్కటీ దొరకలేదు. అంత మంచి సరుకు వృథా కాకూడదని వీధిలోకి బయల్దేరారు.

మొదట పొరుగింటి గోవిందరావు దొరికాడు. అతని ముఖం ముందు జలపాతం అట్ట పెట్టి, "నువ్వు దేన్ని వదలలేకపోతున్నావు?" అని నిలదీశారు.

"సేపల సంచండి. ఒగ్గేస్తే పిల్లి అట్టుకుపోద్ది."

'వ్యామోహం' అని తేల్చి, అతన్ని ఆదివారం సాయంత్రం ఇంటికి రమ్మన్నారు. అలా మౌన చింతన సంఘం పుట్టింది. మౌనం గొప్పతనం గురించి ఆయన ప్రతి ఆదివారమూ మైకులో గంటసేపు వివరించేవారు. గుమ్మం ముందున్న పనసచెట్టు బ్యానరుకు అడ్డొస్తోందని కొట్టించేశారు. బ్యానరు మీద దట్టమైన అడవి ఫొటో ఉంది. హిజ్లీ కాలేజీలో పాఠాలు చెప్పి రిటైరైన కోదండరామయ్య గారు అధ్యక్షులయ్యారు. ఆయన నోరు విప్పితే ఎవరికీ ఏమీ అర్థమయ్యేది కాదు కనుక సంఘానికి గౌరవం పెరిగింది.

ఇంతలో జ్ఞానప్రకాశం గారి భార్య సూసన్నకు చూపు తగ్గింది.

"ఏటండీ, అంతా మసగ్గా అగుపిస్తంది. ఇందా పేటలో కళ్ల డాక్టరుకి ఓపాలి సూపించండి," అంది.

ఆయన వెంటనే పొగమంచు అట్ట తీశారు. "మసకలోనూ అందముంది సూసన్నా. ఇది సూసి నీ మనసు ఏటడుగుతంది?"

"డాక్టరు కాడికి ఎప్పుడని అడుగుతంది."

"అట్ట మీద ఆ ప్రశ్న లేదే," అన్నారాయన, తిప్పి చూసి.

తర్వాతి ఆదివారం ఆమె కనపడక టీలో పంచదారకు బదులు ఉప్పు వేసింది. రుచిని జయించే సాధన అనుకుని సభ్యులు మరో కప్పు అడిగి తాగారు.

చివరికి పక్కింటి నర్సు జెనీ ఆమెను తీసుకెళ్లి ఒక కంటికి శుక్లం ఆపరేషన్ చేయించింది. ఆనాడు సంఘం వార్షికోత్సవం. జ్ఞానప్రకాశం గారు కుర్చీలు సర్దిస్తున్నారు కనుక, భార్య పొద్దుటి నుంచీ ఇంట్లో లేదన్న సంగతి ఆయన దృష్టికి రాలేదు.

సాయంత్రం నిండు సభలోకి సూసన్న జెనీ చెయ్యి పట్టుకుని వచ్చింది. ఒక కంటికి కట్టు. రెండో కన్ను మసక. పైన నల్లద్దాలు. కోదండరామయ్య గారు ఆమెను ఆపి, ముఖం ముందు ఒక అట్ట పెట్టారు.

"అమ్మా, ఇందులో మీకేం దర్శనమవుతోంది?"

"నాకేటీ అగుపడ్డం లేదు బాబూ."

"శూన్య దర్శనం! ఇన్నేళ్ల నా చింతనలో అందనిది ఈ సామాన్య గృహిణికి అందింది!" అంటూ అధ్యక్షులు లేచి నిలబడ్డారు. చప్పట్లు మోగాయి.

"కంటికి ఆపరేసనయ్యిందండీ! దారియ్యండి, మందెయ్యాల!" అని జెనీ అరిచింది.

మౌనభంగం చేసినందుకు ఆమెను బయటికి పంపారు. సూసన్నను వేదిక మీద కూర్చోబెట్టారు. జ్ఞానప్రకాశం గారు ఒక్క క్షణం భార్య కట్టు వైపు చూశారు. ఎప్పుడు చేయించావని అడుగుదామని వంగారు. అంతలో మైకు చేతికొచ్చింది. ఇదంతా తన శిక్షణే అని సభకు మనవి చేసుకున్నారు.

కట్టు విప్పాక సూసన్న మొదట చూసింది మొగుడినే. "ఎంత సిక్కిపోనారండీ! ఉప్పు టీ తాగీ సెప్పలేదేటి?" అని కళ్లనీళ్లు పెట్టుకుంది. ఆయన వెళ్లి అట్టల డబ్బా తెరిచారు. డబ్బాలో వెతికినా అలాంటి మాటకు పనికొచ్చే అట్ట దొరకలేదు.

ఆ ఆదివారం సభలో ఆమెకు మళ్లీ ఫొటో చూపించారు. భక్తులంతా ముందుకు వంగారు.

"సెరువు. గట్టు మీద గేదుంది," అంది సూసన్న సంతోషంగా. "ఇప్పుడన్నీ అగుపిస్తన్నాయి. బైట పనసమొద్దు కూడా."

అధ్యక్షులు విచారంతో తల దించుకున్నారు. అంతటి సాధకురాలు పతనమైందని ప్రకటించి, స్పష్టంగా చూడగలిగేవారికి సంఘంలో స్థానం లేదని తీర్మానం పెట్టారు. బలపరిచేవారెవరని అడిగితే, మొదట లేచిన చెయ్యి జ్ఞానప్రకాశం గారిది. సూసన్న ఆ చేతిని స్పష్టంగా చూసింది. చూసి, జెనీ వాళ్లింటికి వెళ్లిపోయింది. ఆయన గుర్తించేసరికి టీ వేళ దాటింది.

సంఘం మాత్రం దినదినాభివృద్ధి చెందుతోంది. త్వరలో మీ పేటలోనూ శాఖ తెరుస్తారు. ఇంట్లోవాళ్లు చెప్పింది వినని అలవాటున్నవారికి ప్రవేశ పరీక్ష లేదట కనుక, మనలో చాలామందిమి నేరుగా వెళ్లి కూర్చోవచ్చు.