అయ్యగారి కడుపునొప్పి

ఆ శనివారం పొద్దున్నే పాస్టరు అయ్యగారు ఒక గట్టి నిర్ణయానికి వచ్చారు. సాయంత్రంలోగా ఆదివారం ప్రసంగం రాసి పారేయాలి. అమ్మగారు చెల్లెలి ఇంటికి వెళ్ళారు. ఇల్లు నిశ్శబ్దంగా ఉంది. వరండాలో బల్ల మీద బైబిలు, తెల్లకాగితాలు సిద్ధంగా ఉన్నాయి. ఇంకేం కావాలి?

ప్రసంగం గొప్ప విందు ఉపమానం మీద. ఒకాయన విందు చేసి పిలిస్తే ఒకడు పొలం కొన్నానన్నాడు, ఒకడు ఎడ్లు కొన్నానన్నాడు, ఇంకొకడు పెళ్ళి చేసుకున్నానన్నాడు. ఆ పిలుపు దేవుడిది, సాకులు మనవి. అంతవరకు బాగానే ఉంది. కానీ ఎడ్లను బొమ్మల్లో తప్ప చూడని సంఘానికి ఈ సంగతి తలకెక్కేదెలా? "సాకులు చెప్పేవారలారా!" అని ఒక వాక్యం రాసి, మంచి ఉదాహరణ కోసం కలం కొరుకుతూ కూర్చున్నారు అయ్యగారు.

అంతలో గేటు కిర్రుమంది. వచ్చింది పక్కింటి డ్రైవరు బాబాయి. బతుకంతా బస్సు నడిపి రిటైరైన మనిషి. నిరుడు పిన్ని పోయినప్పటినుంచీ ఆ ఇంట్లో పొయ్యి వెలగలేదు. అలాంటిది ఇవాళ నడుముకి తువ్వాలు చుట్టుకుని, చేతిలో గరిటెతో, పెళ్ళికొడుకులా వెలిగిపోతున్నాడు.

"అయ్యగారూ, మధ్యాహ్నం భోజనం మా ఇంట్లోనే! నేనే వండుతున్నా. డిపో వాళ్ళనీ, వీధిలో వాళ్ళనీ అందర్నీ పిలిచా. ఆ ఇంట్లో మళ్ళీ నలుగురి మాటలు వినబడాలయ్యా, లేకపోతే పిచ్చెక్కేలా ఉంది. మీరొచ్చి ప్రార్థన చేయాలి మరి!"

అయ్యగారి గుండెల్లో రాయి పడింది. వెళితే చీకటి పడేదాకా వదలరు, ప్రసంగం అటకెక్కుతుంది. రాసుకోవాలంటే "తిన్నాక రాసుకోండి" అంటాడు. ఏది ముందు నోటికొస్తే అది అనేశారు.

"పొద్దుట్నుంచీ ఒకటే కడుపునొప్పి బాబాయ్..."

"అయ్యయ్యో! ముందు పడుకోండి!" అని బాబాయి కంగారుగా పరుగెత్తాడు. పరుగెత్తినవాడు ఇంటికి పోతే బాగుండేది. ఎదురింటి కాంపౌండరు దగ్గరికి పోయాడు.

కాంపౌండరు సంచీతో దిగి, అయ్యగారిని మంచమెక్కించి పొట్ట నొక్కాడు. "ఇక్కడ నొప్పా?"

"లేదు."

"పోనీ ఇక్కడ?"

"అక్కడా లేదయ్యా."

"నొక్కినా తెలియట్లేదంటే బాగా ముదిరిందన్నమాట," అని తల ఊపి, ఆ మాట వీధంతా చెప్పుకుంటూ పోయాడు.

ఇక చూసుకోండి. మొదట పాటల బృందం అత్తయ్య ఆడవాళ్ళని వెంటబెట్టుకొచ్చి, చాపలు పరిచి ప్రార్థన మొదలుపెట్టింది. వెనకాలే విందుకని ఇస్త్రీ బట్టలేసుకుని బయల్దేరిన డిపో వాళ్ళు "అయ్యగారికి ఆపరేషనట!" అంటూ లోపలికొచ్చారు. ఎవరు ఫోన్ చేశారో, అమ్మగారు ఆటో దిగి "నాకొక్క మాటైనా చెప్పలేదే!" అని ఏడుస్తూ మంచం పట్టె మీద కూలబడ్డారు.

అయ్యగారు దుప్పటి సందులోంచి కిటికీ వైపు చూశారు. గోడ అవతల బాబాయి ఇంటి హాలు కనిపిస్తోంది. వరసగా పళ్ళేలు వేసి ఉన్నాయి. ఒక్క నరపురుగు లేదు. బాబాయి గేటు దగ్గర గరిటె పట్టుకుని వీధి ఈ కొసకీ ఆ కొసకీ చూస్తున్నాడు.

అయ్యగారికి సిగ్గుతో ప్రాణం చచ్చిపోయింది. "మీరంతా భోజనానికి వెళ్ళండర్రా," అన్నారు నీరసంగా.

"మిమ్మల్నిలా వదిలేస్తే మాకు ముద్ద దిగుతుందా?" అన్నారందరూ ఏకకంఠంతో.

ఉపమానంలో విందుకి ఒకడికి పొలం అడ్డొచ్చింది, ఒకడికి ఎడ్లు. ఇక్కడ అందరికీ అడ్డొచ్చిన ఎద్దు తానే!

లేచి వెళ్ళి నిజం చెప్పేద్దామనుకునేలోగా బాబాయే వచ్చాడు. రెండు చేతులతో పెద్ద గిన్నె మోసుకొస్తూ, "మీరు రాలేరు, మిమ్మల్ని వదిలి వీళ్ళు రారు. అందుకని విందే వచ్చింది," అన్నాడు. మూత తీయగానే మాంసం కూర వాసన గదంతా గుప్పుమంది. అందరికీ వడ్డించి, అయ్యగారి చేతిలో ప్రేమగా ఒక గ్లాసు పెట్టాడు. ఉప్పులేని గంజి.

అయ్యగారు గంజి వైపు చూశారు, కూర వైపు చూశారు, బాబాయి ముఖం వైపు చూశారు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "నాకే నొప్పీ లేదు బాబాయ్. ప్రసంగం రాసుకోవాలని అబద్ధమాడాను. నన్ను క్షమించు."

నములుతున్న నోళ్ళన్నీ ఆగాయి. అమ్మగారి ఏడుపు కూడా ఠక్కున ఆగింది. ఆవిడ చూసిన చూపుకన్నా ఆపరేషనే నయం.

బాబాయి వంగి అయ్యగారి ముఖంలోకి చూశాడు. "అంటే... ఆకలి ఉన్నట్టేనా?"

"చచ్చేంత ఉంది."

"మరి నాక్కావలసింది అదేగా! పళ్ళెం తెండర్రా!"

"ఇక్కడ కాదు," అని అయ్యగారు మంచం దిగారు. "పిలిచింది మీ ఇంటికి. అందరూ లేవండి!"

పళ్ళేలు పట్టుకుని జనమంతా ఊరేగింపులా పక్కింటికి తరలారు. ముందు గిన్నె మోస్తూ అయ్యగారు. కూరలో ఉప్పు రెండుసార్లు పడింది, కారానికి లెక్కే లేదు. ప్రాయశ్చిత్తంగా ఒక వాయి, బాబాయి కోసం ఇంకొకటి, రుచి మరిగి మరొకటి తిన్నారు. చీకటి పడేదాకా ఆ ఇంట్లో నవ్వులే నవ్వులు. బాబాయి తలుపుకి ఆనుకుని వింటూ నిలబడ్డాడు.

మర్నాడు ప్రసంగం "పిలిస్తే వెళ్ళండి" అన్న ఒక్క మాటతో ముగిసింది. ఎడ్ల ఊసు లేకుండానే అందరికీ అర్థమైంది. అంతకుమించి అయ్యగారు నిలబడలేకపోయారు. నిజంగానే కడుపునొప్పి, ఎంత చెప్పినా ఒక్కరూ నమ్మలేదు.