నువ్వులనూనె బంపరు

ఆదివారం పదింటికి చియాయి ఊరి నుంచి పెళ్లివారు పిల్లను చూడ్డానికి వస్తున్నారనగా, పొద్దున్నే లియావ్ బింగ్‌కున్ చూపు కూతురి కారు మీద పడింది.

వెండి రంగు బాగానే ఉంది. కానీ వాళ్ల ఊరు తైనాన్ ఎండలకు బంపర్ల నల్ల ప్లాస్టిక్కూ, కిటికీల చుట్టూ ఉన్న రబ్బరూ బూడిద పూసినట్టు తెల్లబారి ఉన్నాయి. ముప్ఫై ఆరేళ్ల యెన్‌లింగ్‌కి ఇది నాలుగో సంబంధం. కారును చూసే పిల్లను లెక్కగడతారని ఆయన భయం.

భార్య సుఫెంగ్ పళ్ల కోసం బజారుకు వెళ్లింది. యెన్‌లింగ్ జుట్టు కడిగించుకోవడానికి పార్లరుకు వెళ్లింది. బింగ్‌కున్ కారును ఇంటి కింది గదిలోకి తెచ్చి, ఎండ పడకుండా షట్టర్ సగం దించాడు. సబ్బునీళ్లతో, పాత బ్రష్షుతో రుద్దితే మురికి పోయింది కానీ తెలుపు పోలేదు. నలుపు తెప్పించే మందు సీసా తీస్తే ఖాళీ. కారు సామాన్ల అంగళ్లు ఇంకా తెరవలేదు. వేడిగాలి కొడితే నలుపు తిరిగొస్తుందని ఎవరో అన్నారు, నూనె రాస్తే వస్తుందని ఇంకెవరో అన్నారు. ఏది నిజమో తేలక ఆయన రెండూ చేశాడు. సుఫెంగ్ పుట్టింటి నుంచి వచ్చిన నల్లనువ్వుల నూనె దట్టంగా పట్టించి, కూతురి హెయిర్ డ్రయ్యర్ తిప్పాడు.

వాసన సందంతా గుప్పుమంది. ఆ ఊళ్లో పొద్దున్నే నువ్వులనూనె కాగిందంటే అర్థం ఒక్కటే: ఇంట్లో బాలింత ఉంది, ఆమెకు అల్లం వేసి కోడి వండుతున్నారు.

ఎదురింటి చ్యూ అక్క పరుగున వచ్చింది. షట్టర్ కింద ఆమెకు బింగ్‌కున్ కాళ్లే కనిపించాయి.

"ఏం తమ్ముడూ, నూనె మర్దనా?"

"అవునక్కా!" డ్రయ్యర్ హోరులో అరిచాడాయన. "ఒళ్లంతా బూడిదలా ఉండేది. ఇప్పుడు చూడు, నల్లగా నిగనిగలాడుతోంది!"

"నలుపా! ఇంతకీ ఎవరిది?"

"మా యెన్‌లింగ్‌దే, ఇంకెవరిది?"

చ్యూ అక్క గుండె పట్టుకుంది. "మరి ఇన్నాళ్లూ ఎక్కడ పెట్టారు?"

"ఎక్కడేంటి, బయటే! ఎండకీ వానకీ అక్కడే పడి ఉండేది. పెళ్లివారు చూస్తే బాగుండదని ఇవాళే లోపలికి తెచ్చా."

ఆ తర్వాత ఆమెను ఆపడం ఎవరితరం? సుఫెంగ్ బజారు నుంచి వచ్చేసరికి గుమ్మంలో ఇరుగుపొరుగు ఆడవాళ్లు, వాళ్లు తెచ్చిన ఒక ముదురు కోడి, రెండు బుట్టల గుడ్లు, ఉన్ని టోపీ ఉన్నాయి.

"ఎంత గడుసుదానివే సుఫెంగ్! అమ్మమ్మవయ్యి మాట మాత్రమైనా చెప్పలేదు!" అంది చ్యూ అక్క.

"ఎవరు? నేనా?" అంది సుఫెంగ్, చేతిలో పళ్ల సంచి జారిపోతుండగా.

సరిగ్గా అప్పుడే యెన్‌లింగ్ తడి జుట్టుతో సందులోకి వచ్చింది. ఆడవాళ్లంతా ఘొల్లుమన్నారు.

"పురుడై నెల తిరక్కుండా తల తడుపుతావా పిల్లా! ముసలితనంలో తలనొప్పులతో చస్తావు!" అంటూ చ్యూ అక్క ఆమె తలకు తువ్వాలు చుట్టి, చెవుల మీదుగా బిగించి ముడేసింది.

అలా చుట్టిన తలతో యెన్‌లింగ్ నిలబడి ఉండగానే పెళ్లికొడుకు గ్వాన్‌లిన్, అతని తల్లి సందు మొగలో టాక్సీ దిగారు. వాళ్లు ఇల్లు అడగక ముందే ఎవరో చెప్పేశారు: "పాపాయిని చూడ్డానికా? వాసన పట్టుకుని పొండి, అదే ఇల్లు."

తల్లి అక్కడే ఆగి ఎవరికో ఫోన్ చేసింది. తర్వాత గబగబా నడిచొచ్చి, యెన్‌లింగ్ తువ్వాలును, కోడిని, గుడ్లను చూసి, షట్టర్ కింద నుంచి బయటికొస్తున్న బింగ్‌కున్‌ను అడిగింది.

"ఎవరిదండీ?"

"మా అమ్మాయిదేనండీ!" అన్నాడాయన నూనె చేతులు జోడిస్తూ. "లోపలికి రండి, చూద్దురుగాని. ఎంత మెరుస్తోందో!"

"నాన్నా!" అంది యెన్‌లింగ్.

షట్టర్ పైకి లేచింది. సందు సందంతా మెడలు చాచి చూసింది. కారు.

అంతకుముందు పెళ్లిచూపులన్నిటిలోనూ నోరు విప్పని మనిషిగా పేరుపడ్డ గ్వాన్‌లిన్ వంగి, బంపరు మీద వేలు రాసి, వాసన చూశాడు.

"అల్లం తక్కువైంది," అన్నాడు.

యెన్‌లింగ్‌కి నవ్వాగలేదు. ఆమెను చూసి అతనూ పగలబడి నవ్వాడు. సుఫెంగ్ మాత్రం ఖాళీ అయిన నూనె సీసా కేసి, మొగుడి కేసి మార్చి మార్చి చూసింది.

పెళ్లికొడుకు తల్లి నవ్వలేదు. గుడ్ల బుట్టల పక్కన చతికిలబడింది.

"అయితే బిడ్డ లేడా?"

"లేడమ్మా, అది పొరపాటు," అంది సుఫెంగ్ కంగారుగా. "మా అమ్మాయి అలాంటిది కాదు."

"అలాంటిదైతే బాగుండేదమ్మా! మావాడికి నలభై రెండు. ఎవరి బిడ్డయితేనేం, ఇంట్లో ఒకటి పారాడుతుందని ఆశపడ్డాను. మా అక్కలిద్దరికీ ఫోన్ చేసి నానమ్మనయ్యానని చెప్పేశాను. ఇప్పుడు వాళ్లకేం చెప్పను?"

యెన్‌లింగ్ తువ్వాలు ముడి విప్పుతూ గ్వాన్‌లిన్ వైపు ఓసారి చూసింది.

"ఇంకో ఏడాది ఆగమని చెప్పండి, అత్తయ్యా."

ఆ మాట వినబడనిది బింగ్‌కున్‌కి ఒక్కడికే. బంపరు నాకుతున్న వీధికుక్కను ఆయన తోక పట్టుకుని లాగుతున్నాడు.