ఒక్క చుక్క తీర్థం

కలర్కా ఊళ్లో కొకోరా లోయ తాటిచెట్లు చూడని మనిషి నూబియా ఒక్కతే అయి ఉండాలి. హోటల్లో దుప్పట్లు ఇస్త్రీ చేయడం ఆమె పని. ఆ దుప్పట్లలో పడుకున్నవాళ్లంతా లోయ చూసొచ్చి, "అబ్బ, మబ్బుల్ని తాకే చెట్లమ్మా!" అని ఆమెకే చెప్పేవారు. మొగుడు ఆర్సేసియో పెళ్లైన దగ్గర్నుంచీ "వచ్చే ఏడు" అంటూనే ఉన్నాడు. ఇన్నాళ్లకు సెలవు దొరికింది, నూబియా తమ్ముడి జీపు దొరికింది, పొద్దున్నే ఎండ కూడా కాసింది. దారిలో చిన్న ఊళ్లు చూసుకుంటూ, మధ్యాహ్నం మంచు దిగేలోగా లోయ చేరాలని ఏర్పాటు.

అయితే ఆ రోజు కార్మెల్ మాత పండుగ. బండి తోలేవాళ్లకు ఆమే దిక్కు. మొదటి ఊళ్లోనే బస్సులూ లారీలూ బెలూన్లు కట్టుకుని, హారన్లు మోగిస్తూ, ఫాదరు చల్లే తీర్థం కోసం బారులు తీరాయి.

"ఒక్క చుక్క చల్లించుకుని పోదాం," అన్నాడు ఆర్సేసియో.

"మంచు దిగిపోతుందయ్యా!"

"ఇవాళ తీర్థం పడకుండా ఘాటెక్కితే మీ తమ్ముడు నన్ను బతకనిస్తాడా?"

వరస కదిలేసరికి ఎవరో జీపుకు కాగితం పూలు చుట్టేశారు. తీరా ఫాదరు దగ్గరికి చేరేసరికి, మాత విగ్రహాన్ని ఊరేగించాల్సిన ఫైరింజను మొరాయించింది. ఫాదరు చూపు పైకప్పు లేని జీపు మీద పడింది.

"ఎవరిదయ్యా ఈ బండి?"

"మాదే ఫాదర్! మా అదృష్టం ఫాదర్!" అన్నాడు ఆర్సేసియో, పెళ్లాం తొడపాశం పెడుతున్నా లెక్కచేయకుండా.

విగ్రహాన్ని వెనక నడిచే జనం వైపు తిప్పి జీపులో నిలబెట్టారు. అది ఊగుతోంది.

"తల్లీ, పక్కనే నిలబడి రెండు చేతులా పట్టుకో," అన్నాడు ఫాదరు. "జనానికి వీపు చూపించకు. మాత పడిందంటే ఊరు ఊరంతా నిన్ను తిట్టుకుంటుంది."

ఊరేగింపు ప్రతి సందులోనూ దూరింది. ప్రతి గుమ్మం ముందూ ఆగింది. ఎవరో నూబియా నెత్తిన పూలకిరీటం పెట్టారు. ఊరి చివర గుట్టెక్కాక ఫాదరు సుదీర్ఘంగా ప్రార్థన మొదలుపెట్టాడు. తన ఒక్క సెలవూ కళ్లముందే కరిగిపోతుంటే నూబియాకు దుఃఖం ఆగలేదు. వెక్కివెక్కి ఏడ్చింది. జనం మోకాళ్ల మీద కూలబడ్డారు.

చివరికి లోయ చేరేసరికి మంచు గోడ కట్టేసింది. పక్కనున్న మొగుడే కనబడలేదు. అదొక్కటే ఆమెకు ఊరట.

మర్నాడు హోటల్లో ఒకావిడ ఫోను పట్టుకుని ఇస్త్రీ గదిలోకి పరుగెత్తుకొచ్చింది. "నువ్వే కదూ! ఆ కన్నీళ్లు, ఆ భక్తి! వెనకాల ఆ చెట్లు!"

నూబియా చూసింది. పూలకిరీటం, మాత, ఏడుపుముఖం. వెనక, గుట్ట కింద, ఎండలో మెరుస్తూ కొకోరా లోయ. ఆకాశమంత తాటిచెట్లు. అన్నీ ఆమె వీపు వెనకే.

సాయంత్రం ఇంటికెళ్లి అడిగింది. "ఆ గుట్ట మీంచి లోయ కనబడుతుందని నీకు తెలుసా?"

"నేను స్టీరింగు దగ్గరే కదా, ఎదురుగా బ్రహ్మాండంగా కనబడింది," అన్నాడు ఆర్సేసియో. "పిలుద్దామనుకున్నా. నువ్వు భక్తిలో మునిగిపోయావు కదా అని ఊరుకున్నా."

ఆ తర్వాత చాలాకాలం ఆర్సేసియో నలిగిన చొక్కాలతోనే పనికెళ్లాడు.