అత్తగారు ఎరుపు, మామగారు ఆకుపచ్చ

ఆ శుక్రవారం పొద్దున జయంతి వేసుకున్న పథకం చాలా చిన్నది. మధ్యాహ్నం భోజనం మానేసి దరఖాస్తు నింపడం, సాయంత్రం ఐదింటికి గడువు ముగిసేలోపు పంపేయడం. మాదాపూర్‌లో ఒక బ్యాంకు ఆఫీసులో ఎనిమిదేళ్ళుగా ఆమె పని, ఎక్కడ ఏ నష్టం పొంచి ఉందో ముందే పసిగట్టడం. పసిగట్టేది ఆమె, పెద్ద మీటింగుల్లో కూర్చుని చెప్పేది మాత్రం పై చదువు చదివినవాళ్ళు. ఫైనాన్షియల్ రిస్క్‌లో మాస్టర్స్ చేయనిదే ఆ కుర్చీ రాదని ఆమెకు ఎప్పుడో అర్థమైపోయింది.

పుణెలో ఏడాది ఉండి చదవడమా, ఇక్కడే రెండేళ్ళపాటు శని ఆదివారాలు చదవడమా? చేసే ఉద్యోగం ఊరుకోనివ్వదు కదా, ఇక్కడి చదువుకు ఒక రిస్కు పట్టిక వేసింది. ఇంట్లోవాళ్ళ పేర్లన్నీ రాసి తలా ఒక రంగు పూసింది. ముందు రోజు ఆఫీసులో ప్రింటు తీస్తే, పట్టిక చివరి నిలువు వరుస రెండో కాగితం మీదికి జారింది. ఆ రెండో కాగితం ప్రింటర్ దగ్గరే ఉండిపోయింది. మొదటిది మాత్రం ప్రగతి నగర్‌లోని ఇంటికి వచ్చి, భోజనాల బల్ల మీద ఉప్పు డబ్బా కింద చేరింది.

అది మామగారి కంట పడింది. విశ్వేశ్వరరావు గారు ఇరిగేషన్ ఆఫీసులో పనిచేసి రిటైరైన మనిషి. కాగితం కనిపిస్తే చదవకుండా ఉండలేరు.

"భ్రమరా, ఇలా రా. నీ పేరు ఎర్రగా ఉంది."

"కోడలి కాగితంలో నా పేరేంటండీ?"

"పైన చూడు, 'నా చదువుకు రిస్కులు' అని రాసింది. నువ్వు ఎరుపు, మన అబ్బాయి రవి పసుపు. మా ఆఫీసులో ఎర్ర సిరా పడిందంటే మెమో వచ్చినట్టే." ఆయన కళ్ళజోడు సర్దుకున్నారు. "నేను మాత్రం ఆకుపచ్చ."

భ్రమరాంబ గారు కుర్చీలో కూలబడ్డారు. "పిల్లతల్లివి, ఇప్పుడెందుకమ్మా ఈ చదువు" అని పోయిన నెల ఒక్క మాట అన్నది నిజమే. కోడలు ఎక్కడ నలిగిపోతుందోనన్న బెంగతో అన్నారు. ఆ మాట ఆ పిల్లకి ఇంత గుచ్చుకుందా అనుకోగానే ఆవిడకు కళ్ళనీళ్ళు ఆగలేదు.

అంట్లు తోముతున్న ఈరమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చింది. "సారూ, అండ్ల నా పేరున్నదా?"

"ఉంది. నువ్వూ ఎరుపే."

"నేనేం జేసిన? ఒక్క దినమన్న చెప్పకుంట ఆగిన్నా? తీసేస్తమంటే మొఖం మీద చెప్పాలె గని, గిట్ల రంగులేసుడేంది?" గిన్నెలు సగంలో వదిలేసి ఈరమ్మ వెళ్ళిపోయింది.

"నావల్ల అమ్మాయి చదువు ఆగడం దేనికండీ? కొన్నాళ్ళు కాకినాడలో పుణ్యవతి దగ్గరుంటాను" అని చెల్లెలి పేరు చెప్పి భ్రమరాంబ గారు సంచీ సర్దుకున్నారు. ఆవిడకు కోపం లేదు. అదే అసలు చిక్కు. కోపమే అయితే సాయంత్రానికి తగ్గేది.

మధ్యాహ్నం జయంతి దరఖాస్తు నింపింది. పంపే ముందు జాగ్రత్తగా నాలుగోసారి సరిచూస్తుండగా మామగారి ఫోను.

"అమ్మా జయంతీ, పాప స్కూల్నించి వచ్చింది. పాల గిన్నె ఎక్కడుంటుంది?"

"అత్తయ్యగారిని అడగండి మామయ్యగారూ."

"ఆవిడ ఎరుపని తెలిసి లింగంపల్లి స్టేషన్‌కి వెళ్ళింది, కాకినాడ బండికి."

"ఈరమ్మ?"

"మానేసింది. నువ్వేం కంగారుపడకు. ఆకుపచ్చ మనిషిని, నేనున్నాగా." వెనకాల ఏదో గిన్నె కింద పడిన చప్పుడైంది.

బల్ల మీద వదిలేసిన పట్టిక గుర్తొచ్చి జయంతికి అంతా అర్థమైంది. వెంటనే భర్తకి ఫోన్ చేసి ఇంటికి వెళ్ళమంది.

"బయల్దేరుతున్నా జయా" అన్నాడు రవికిరణ్. "నాన్న ఫోటో పంపారు. ఇంతకీ నేనెందుకు పసుపు?"

ఫోన్ పెట్టేసి, లాప్‌టాప్ సంచీలో కుక్కుకుని ఆమె క్యాబ్ ఎక్కింది. బండి రాత్రికి. అయితే భ్రమరాంబ గారు ఏ బండికైనా నాలుగు గంటల ముందే వెళ్ళి కూర్చుంటారు. ఇన్నాళ్ళూ ఇంటిల్లిపాదీ నవ్వుకున్న ఆ అలవాటే ఆ రోజు కాపాడింది. ప్లాట్‌ఫారం బెంచీ మీద, సంచీ ఒళ్ళో పెట్టుకుని ఆవిడ దొరికారు.

"నువ్వెందుకొచ్చావే? ఐదింటికి గడువన్నావు, పంపేశావా?" అన్నారు కోడల్ని చూడగానే.

జయంతి లాప్‌టాప్ తెరిచి, ప్రింటర్ మింగేసిన చివరి నిలువు వరుస చూపించింది. పైన 'ఈ మనిషి వారం రోజులు లేకపోతే?' అని ఉంది. ఈరమ్మకు ఎదురుగా 'పరీక్షలు గట్టెక్కను.' రవికిరణ్‌కి 'కష్టమే, సర్దుకోవచ్చు.' భ్రమరాంబ గారికి ఎదురుగా 'చదువు ఆగిపోతుంది. ఆవిడకు బదులు ఎవరూ లేరు.'

"మీరున్నారనే పుణె వద్దనుకున్నాను అత్తయ్యగారూ. పాప మీ దగ్గరుంటే నాకు ఏ దిగులూ ఉండదు. ఆ మాట కంప్యూటర్‌కి చెప్పాను గానీ మీకు చెప్పలేదు."

ఆవిడ తన పేరు ఎదురుగా ఉన్నది రెండుసార్లు చదివి, కొంగుతో కళ్ళు ఒత్తుకున్నారు. "వెర్రిపిల్లా, అది కుంకుమ రంగని ఒక్క మాట చెప్తే సరిపోయేది కదే. టైమెంతైంది?"

"ఐదుకి నాలుగు నిమిషాలు."

"ఏది నొక్కాలి?"

జయంతి దరఖాస్తు తెరిచి చూపించింది. భ్రమరాంబ గారు దేవుడికి దణ్ణం పెట్టుకుని నొక్కారు. దరఖాస్తు వెళ్ళిపోయి, తెర మీద మళ్ళీ పట్టిక కనిపించింది.

"మరి మీ మామయ్యగారికి ఎదురుగా ఏం రాశావు?"

జయంతి లాప్‌టాప్ మూసేలోపే ఆవిడ చదివేశారు. 'తేడా ఏమీ ఉండదు.' స్టేషన్లో మొదలైన నవ్వు ప్రగతి నగర్ చేరేదాకా ఆగలేదు. సంగతి తెలిసిన ఈరమ్మ, "గంత అవసరమున్నదాన్నైతె పండుగకు రెండు దినాలు ఎక్కువ సుట్టీ ఇయ్యుండ్రి" అని ఫోన్లోనే మాట తీసుకుంది.

మర్నాడు పొద్దున విశ్వేశ్వరరావు గారు పాల గిన్నె స్వయంగా వెతికి పట్టుకుని, పాపకు పాలు కాచి ఇచ్చి, తనను కనీసం పసుపులోకి మార్చవలసిందిగా కోడలికి తెల్లకాగితం మీద అర్జీ రాశారు. భ్రమరాంబ గారు దాని మీద ఎర్ర సిరాతో 'పరిశీలనలో ఉంది' అని రాసి, ఉప్పు డబ్బా కింద పెట్టారు.