బారీ నీడ ఉండే ఊరు

ఆస్ట్రేలియా నుంచి వచ్చి నారాయణపేట వైపు గొర్ల మందలో కుదురుకున్న బారీ అనే ఉన్ని కత్తిరించేవాడికి నీడ లేదు. అతను విమానం ఎక్కిన రోజు అది ఎక్కలేదు. ఆ దేశపు పన్నుల ఆఫీసు దాన్ని అక్కడి నివాసిగా ఖాయం చేసి అతని ఇంట్లోనే ఉంచింది. నీడ పొద్దున్నే లేచి మొక్కలకు నీళ్లు పెట్టేది, ఎన్నికలొస్తే ఓటు వేసేది, పక్కింటివాళ్లు పలకరిస్తే తల ఊపేది. నెమ్మది గల నీడ అని వీధిలో మంచి పేరు.

ఇక్కడ మందలో కూడా ఎవరూ దీన్ని వింతగా చూడలేదు. మంద పెద్ద మాసయ్య కొత్తవాడి కాళ్ల దగ్గర నేలను ఒకసారి చూసి, "పని జేసేది చేతులు గదా" అని కత్తెర ఇచ్చాడు. బారీ కత్తెర పడితే ఉన్ని దుప్పటిలా ఊడి వచ్చేది, గొర్రె తోలు మీద గీత పడేది కాదు.

చిక్కు గొంగడి దగ్గర మొదలైంది. మాసయ్య భార్య బుచ్చమ్మ బారీకి ఒక నల్ల గొంగడి నేయించి ఇచ్చింది. అతను భుజాన వేసుకోగానే గొంగడి నీడ కూడా పోయింది. ఆఫీసుకు రాస్తే మర్యాదగా జవాబు వచ్చింది. నివాసి ప్రపంచంలో ఏ మూల ఏది సంపాదించినా అది ఇక్కడి లెక్కలోకే వస్తుంది, మీ గొంగడి నీడ మీ మంచం మీద మడతపెట్టి ఉంది, పురుగు పట్టకుండా చూస్తున్నాం అన్నారు. అంత దూరం నుంచి ఒక గొంగడిని కనిపెట్టిన ఆఫీసును మెచ్చుకోవాల్సిందే. ఎదురుగా నిలబడ్డ మనిషిని కనిపెట్టని ఆఫీసులు చూసిన కళ్లు మనవి.

ఎండలు ముదిరే ముందు మాసయ్య తన గొర్రెపిల్లల్లో సగం బారీకి వాటాగా ఇస్తానన్నాడు. బారీకి నిద్ర పట్టలేదు, మొదట సంతోషంతో, తర్వాత భయంతో. నల్లరేగడి చేన్లలో చెట్టు ఉండదు. మిట్టమధ్యాహ్నం గొర్లు ఒకదాని పొట్ట కింద ఒకటి తల దూర్చి, ఆ కాస్త నీడతో ప్రాణం నిలుపుకుంటాయి. పిల్లలు బారీవి అయిన మరుక్షణం వాటి నీడలు సముద్రం దాటిపోతాయి. నీడ లేని గొర్లు ఎండాకాలం దాటవు. అందుకని తాను అక్కడి నివాసిని కానని, తన నీడను తన దగ్గరికి పంపమని అతను అర్జీ పెట్టాడు.

విచారణకు హెలెన్ అనే అధికారిణి వచ్చింది. అంత పద్ధతైన మనిషిని ఆ చేన్లు ఎరగవు. బయలుదేరే ముందే నీడ దగ్గర వాంగ్మూలం తీసుకుంది. బస్సు దిగి గట్ల మీద నడిచి మందను వెతుక్కుంటూ వచ్చింది. బుచ్చమ్మ పోసిన అంబలి తాగి గిన్నె తనే కడిగి బోర్లించింది. ఇద్దరి మాటలూ తెలిసినవాడు బారీ ఒక్కడే కాబట్టి దుబాసీ పని అతనిదే అయింది.

"ఇక్కడ ఇతనికి స్థిరమైన నివాసం ఉందా?" అని ఆమె మాసయ్యను అడిగింది.

మాసయ్యకు అది తన పరువు మీదికి వచ్చిన ప్రశ్న అనిపించింది. మంద రాత్రి పడుకున్న చేనుకు ఎరువు దక్కుతుంది. అందుకని రైతులు గింజలిచ్చి పిలుచుకుంటారు. పిలుపు లేని మందే ఒకచోట ఉండిపోతుంది.

"స్థిరమా? ఏం మాట మేడం! మా మంద కోసం రైతులు కొట్లాడుకుంటరు. ఈ రాత్రి ఈ చేన్ల పండుకుంటే రేపు ఇంకో చేన్ల. ఒక్క జాగల కూసునేటోడు గొర్లు కాసేటోడే కాదు. మా బారయ్య గూడ గంతే, మస్తు తిరుగుతడు."

బారీ హెలెన్ వైపు తిరిగాడు. ఒక్క ముక్క వదలకుండా ఆమె భాషలో చెప్పాడు, ఆ 'మస్తు'తో సహా.

"నీ నోరు పడిపోను, ముసలోడా!" అంది బుచ్చమ్మ. "ఇల్లు వాకిలి ఉన్నదా అని అడిగితే తిరుగుబోతు అని చెప్తివి."

"ఉన్నదే జెప్పిన. ఆయన సుత ఉన్నదే జెప్పిండు."

హెలెన్ మోకాలి మీద కాగితం పెట్టుకుని అక్కడే తీర్పు రాసింది. స్థిరమైన ఇల్లు నీడకు మాత్రమే ఉంది. కనుక నివాసి నీడే. బారీ అనే మనిషి ఆ నీడకు విదేశంలో ఉన్న ఆస్తి. అతని కష్టం నీడ రాబడి. ఆమె దాన్ని మెల్లగా రెండుసార్లు చదివి, సందేహాలుంటే అడగమంది.

"నేను తన ఆస్తినని నీడ మీకు ముందే చెప్పిందా?" అన్నాడు బారీ.

"మొదటి ఏడాదే చెప్పింది. ఏదీ దాచలేదు. చాలా బాధ్యత గల నివాసి."

బారీ గొంగడి తీసి బుచ్చమ్మ చేతిలో పెట్టాడు. అది ఆమెది కాగానే దాని నీడ మడత గీతలతో సహా నేల మీదికి తిరిగొచ్చింది. బుచ్చమ్మ దాన్ని రెండు కర్రల మీద పరిచి, తెల్లవారుజామున పుట్టిన గొర్రెపిల్లను దాని కింద పడుకోబెట్టింది.

"పిల్లలొద్దు మాసన్నా. నా పేరు మీద ఏదొద్దు. ఉన్ని కత్తిరిస్త, ఇంత తింట. ఉండనిస్తవా?"

"ఏం లేనోడు ఉండనీకె నన్నడుగుడేంది? ఉండు."

హెలెన్ పని ముగిసింది. అయినా మనిషి పద్ధతి అలాంటిది కనుక, మాసయ్య ఏ ఊరి నివాసో కూడా అడిగింది.

"కార్డు ఊర్లనే ఉన్నది మేడం. ఓటు గూడ ఆడనే. మేం చేన్లల్ల ఉంటం."

ఆమె అతని కాళ్ల దగ్గర చూసింది. అక్కడా నీడ లేదు. బుచ్చమ్మ కాళ్ల దగ్గరా లేదు.

"అవి ఊర్లనే ఉంటయి," అన్నాడు మాసయ్య. "నెలనెలా రేషన్ దుకాణంల వేలిముద్ర ఎవరెయ్యాలె మరి? ఇద్దరియి ఇప్పుడు లైన్ల నిలబడి ఉంటయి."

"మరి మీ గొర్లకు నీడ ఉందే?"

"వాటికి కార్డు లేదు."

మంచి ఏర్పాటేనని హెలెన్ తల ఊపింది. ఆమె నీడ ఆఫీసులో హాజరు వేసుకుని, ఆమె కుర్చీలో కూర్చుని ఉంది.

సూర్యుడు నడినెత్తికి వచ్చాడు. మాసయ్య కిందికి వంగి, దగ్గరున్న గొర్రె పొట్ట కింద తల పెట్టాడు. బుచ్చమ్మ పక్కదాని కింద పెట్టింది. బారీ అధికారిణికి ఒక ముసలి గొర్రెను చూపించి, తను దాని అవతలి వైపు కూర్చున్నాడు. గొర్లు కొంచెం ఎడంగా జరిగి వాళ్లకు చోటిచ్చాయి.