బొమ్మా బొరుసూ, మధ్యలో మా బావ

ఒకరినొకరు బొత్తిగా నమ్మని ఇద్దరు చెరో గదిలో కూర్చుని న్యాయంగా బొమ్మా బొరుసూ వేసుకునే క్వాంటం యంత్రాన్ని మా సంస్థ రూపొందించిందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాను. రూపొందించినవాళ్లం నేనూ, మా బావా. ఇంతకంటే అర్హులు దొరకడం కష్టం.

ఒక గదిలోంచి ఇంకో గదిలోకి గాజు తీగ గుండా కాంతి రేణువులు వెళతాయి. వాటితో ఎవరైనా మోసం చేయబోతే అవతలి గదిలో ఎర్రదీపం వెలుగుతుంది. అయితే పట్టుబడని మోసం ఎంతో కొంత మిగిలే తీరుతుందని గణితం చెబుతోంది. అది ఎంతో లెక్కగట్టినందుకు నాకు పతకం ఇచ్చారు.

ఇంతలో డైరెక్టరు కుర్చీ ఖాళీ అయింది. పోటీలో మేమిద్దరమే. మీ యంత్రంతోనే తేల్చుకోండని కమిటీ ఆదేశించింది. నేను పంపే రేణువుల మీద బావకు నమ్మకం లేదు. బావ కొలిచే పెట్టె మీద నాకు లేదు. అందుకని రెండు గదులకూ ఇద్దరం తాళాలు వేశాం. నేను తీస్తే ఆయన తీయడు, ఆయన తీస్తే నేను తీయను. పరీక్ష వాయిదా పడింది.

చివరికి మా అక్క, అంటే ఆ బావ భార్య, ఇద్దరినీ కూర్చోబెట్టింది.

"నా పర్సులో నాణెం ఉందిరా. నేను ఎగరేస్తాను, గొడవ వదిలిపోతుంది."

"నువ్వు ఆయన భార్యవి కదక్కా," అన్నాను.

"వాడికి అక్కవి కూడానూ," అన్నాడు బావ.

అక్క లేచి వెళ్లిపోయింది. మళ్లీ మాతో మాట్లాడలేదు. పరిశోధనకు కావలసిన నిశ్శబ్దం దొరికిందనుకున్నాం.

చివరికి కమిటీయే తాళాలు తీయించి పరీక్ష పెట్టింది. ఆ రోజున గణితం ఒప్పుకున్నంత మోసం చేశాను. ఆశ ఆగక ఇంకాస్త చేశాను. రెండు గదుల్లోనూ ఒకేసారి ఎర్రదీపాలు వెలిగాయి. బావ మీద నాకు అంతటి గౌరవం అంతకుముందెప్పుడూ కలగలేదు.

"మోసం జరిగింది, దొరికింది!" అంటూ కమిటీ అధ్యక్షులవారు గద్గద స్వరంతో ప్రసంగించారు. "యంత్రం పనితనాన్ని నిరూపించడానికి తమ పరువును సైతం లెక్కచేయని ఈ ఇద్దరికీ జోహార్లు!"

ఇద్దరినీ డైరెక్టర్లను చేశారు. ఒకే గదిలో ఎదురెదురుగా కూర్చుని, కాగితాలకు చెయ్యి అడ్డం పెట్టుకుని పనిచేస్తున్నాం. నేను ఫోన్ చేస్తే అక్క ఎత్తదు. బావ ఇంట్లో ఉండి పిలిచినా పలకదట. ఆ ఒక్క విషయంలోనే బావ మాటను నమ్ముతాను.

యంత్రానికి గిరాకీ బాగుంది. పొత్తు కుదిరిన పార్టీలు, ఆస్తి పంచుకునే అన్నదమ్ములు, వియ్యంకులు బారులు తీరుతున్నారు. బిగించడానికి వెళితే మాత్రం, "మాకెందుకండీ, మేం నిజాయితీపరులం. అవతలివాళ్లకు పెట్టండి," అంటున్నారు.

మీకూ ఒకటి కావాలంటే కబురు పెట్టండి. మీ చిరునామా అక్కర్లేదు. ఎవరింట్లో బిగించాలో చెబితే చాలు.